ముద్ద దిగనప్పుడు ‘నార్మల్’ చాలదు

అన్నం ముద్ద దిగడం లేదని వచ్చిన మనిషికి ఎండోస్కోపీ చేస్తారు. పుండు లేదు, గడ్డ లేదు, అంతా నార్మల్ అని రాస్తారు. గ్యాస్ మాత్రలిచ్చి పంపిస్తారు. వాటితో తగ్గకపోతే టెన్షన్ వల్లే అంటారు. ఈ తీరు మారాలన్నది నా వాదన. అన్నవాహిక లోపలి గోడ ఎలా ఉందో ఎండోస్కోపీ బాగా చెబుతుంది; ఆ గోడ పని చేస్తోందా లేదా అన్నది మాత్రం చాలాసార్లు చెప్పలేదు. మోటారు ఫొటో చూసి బోరులో నీళ్లు వస్తున్నాయో లేదో ఎవరూ చెప్పలేరు కదా. సుమారు 25 సెంటీమీటర్ల ఈ గొట్టం మింగిన ముద్దను పైనుంచి కిందికి వరసగా ముడుచుకుంటూ తోస్తుంది. అదే సమయానికి జీర్ణాశయం ముందున్న కండర వలయం సడలి దారి ఇవ్వాలి. ఈ రెండు పనుల్లో ఏది తప్పినా ముద్ద ఆగిపోతుంది. గోడ మీద గీత కూడా ఉండకపోవచ్చు.

ఇందుకు అకలేషియా తిరుగులేని ఉదాహరణ. ఏటా లక్ష మందిలో సుమారు ఒకరికి కొత్తగా వచ్చే అరుదైన జబ్బు ఇది. కండర వలయాన్ని సడలించే నాడీకణాలు నశిస్తాయి, కింది ద్వారం బిగుసుకుపోతుంది. 1674లోనే థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు ఇలాంటి రోగి గురించి రాశాడు. తిమింగలం ఎముకకు స్పాంజి కట్టి, దానితో ఆహారాన్ని లోపలికి నెట్టించాడు. ఎండోస్కోపీ లేని కాలంలో ఆయనకు దారి చూపినవి రోగి చెప్పిన లక్షణాలే. ఆ లక్షణాలు ఇప్పటికీ దారి చూపుతాయి. క్యాన్సర్ వంటి అడ్డు పెరుగుతుంటే సాధారణంగా ముందు ముద్ద, తర్వాత జావ, చివరికి నీళ్లు ఆగుతాయి. అకలేషియాలో మొదటి నుంచే అన్నం, మంచినీళ్లు రెండూ దిగకపోవచ్చు. పడుకుంటే తిన్నది అరగకుండానే గొంతులోకి వస్తుంది, పొలమారుతుంది. నిలిచిన ఆహారం పులిసి ఛాతీలో మంట పుడుతుంది. ఆ మంటను ఎసిడిటీ అనుకోవడంతోనే చాలామందికి ఏళ్లు గడిచిపోతాయి.

పనితీరును కొలిచే పరీక్షలు మనకున్నాయి. బేరియం తాగించి, రోగిని నిలబెట్టి ఒకటి, రెండు, ఐదు నిమిషాలకు ఎక్స్‌రే తీస్తే ద్రవం ఎంత నిలిచిందో తెలుస్తుంది. అంతకన్నా సూక్ష్మంగా చెప్పేది మానోమెట్రీ. ముక్కులోంచి సన్నని గొట్టం దించి కొద్దికొద్దిగా నీళ్లు మింగిస్తారు. సెంటీమీటరుకొకటి చొప్పున ఉన్న సెన్సర్లు ఒత్తిడిని రంగుల పటంగా చూపుతాయి. ఆ పటాన్ని షికాగో వర్గీకరణ ప్రకారం చదివి అకలేషియాను మూడు రకాలుగా విడదీస్తారు. రకాన్ని బట్టి చికిత్స మారుతుంది. రెండో రకం దాదాపు ఏ పద్ధతికైనా బాగా లొంగుతుంది. మూడో రకంలో ద్వారానికి పైనున్న భాగం కూడా ఈడ్చుకుపోతుంది కాబట్టి కండరాన్ని పొడవునా కోయాల్సి రావచ్చు. కింది ద్వారాన్ని బెలూన్‌తో సాగదీస్తే ఆ పని జరగదు.

మానోమెట్రీ అన్నిచోట్లా లేదు, ఖర్చవుతుంది, గొట్టం ఇబ్బంది పెడుతుంది అనే అభ్యంతరం న్యాయమైనదే. అయితే మింగుడు పడని ప్రతివారికీ అది చేయమని నేననడం లేదు. ముందు ఎండోస్కోపీ చేయాల్సిందే, ఎందుకంటే జీర్ణాశయం ముఖద్వారం దగ్గరి క్యాన్సర్ అచ్చం అకలేషియాలా కనిపించగలదు. గోడ బాగున్నట్టే ఉన్నా బయాప్సీలో ఎలర్జీ తరహా వాపు బయటపడవచ్చు. ఇవేవీ లేవని తేలాకా బాధ తగ్గకపోతే, అక్కడితో ఆపకుండా బేరియం ఎక్స్‌రే తీయాలి, మానోమెట్రీ ఉన్నచోటికి పంపాలి. ఇక రెండో అభ్యంతరం మరింత గట్టిది: ఎంత కొలిస్తే అన్ని తేడాలు దొరుకుతాయి, అక్కర్లేని కోతలు పెరుగుతాయి. నిజమే. నల్లమందు జాతి నొప్పి మందులు వాడేవారి పటం కూడా జబ్బులా కనిపిస్తుంది. అందుకే 2021లో వచ్చిన షికాగో వర్గీకరణ నాలుగో కూర్పు కొన్ని తేడాలను జబ్బుగా ఒప్పుకోవాలంటే తగిన లక్షణాలుండాలంది. కింది ద్వారంలో అడ్డు మాత్రమే కనిపిస్తే ఇంకో పరీక్ష బలమూ కావాలంది. కొలతను రోగి మాటతో కలిపి చదవడమే ఈ ప్రమాదానికి విరుగుడు.

చికిత్స తర్వాతా ఇదే వర్తిస్తుంది. 1913లో హెల్లర్ అనే సర్జన్ మొదలుపెట్టిన కండరం కోసే ఆపరేషన్‌ను 2008లో జపాన్ వైద్యుడు ఇనోవే నోటి ద్వారానే ఎండోస్కోపీతో చేసి చూపారు. ‘పోయెమ్’ అనే ఆ పద్ధతి ఇవాళ హైదరాబాద్‌లోనూ విరివిగా జరుగుతోంది. 2019లో వెలువడిన ఒక యూరప్ అధ్యయనంలో రెండేళ్లకు పోయెమ్‌తో 83 శాతం మంది, హెల్లర్ ఆపరేషన్‌తో దాదాపు 82 శాతం మంది మెరుగ్గా ఉన్నారు. కానీ ఆమ్లం ఎగదన్ని అన్నవాహిక ఒరుసుకుపోవడం పోయెమ్‌లో 44 శాతం, హెల్లర్‌లో 29 శాతం. పోయిన నాడీకణాలను ఏ చికిత్సా తిరిగి తేదు, దారిని మాత్రమే తెరుస్తుంది. కాబట్టి ముద్ద దిగుతోందన్న సంతోషంతో ఆగిపోకుండా, దాన్ని ఏ వెలకు సాధించామో మళ్లీమళ్లీ చూసుకోవాలి. అంతకు ముందు మెట్టు రోగి చేతిలోనే ఉంది. రిపోర్టు నార్మల్ అని వచ్చి బాధ అలాగే ఉంటే, ‘మరి నాకెందుకు దిగడం లేదండీ?’ అని డాక్టరుగారిని అడగాలి. ఆ ప్రశ్నకు మాత్ర కాదు, కారణం జవాబుగా రావాలి.