ఆహారశుద్ధి: నిపుణుల భాష

శాస్త్రము సత్యమును కనుగొన్నంతమాత్రమున దాని పని సగమే ముగియును. ఎవరి మేలుకొరకు ఆ సత్యము కనుగొనబడినదో వారికి, వారి భాషలో, అది చేరినప్పుడే రెండవ సగము పూర్తియగును. మన ఆహారశాస్త్రజ్ఞులు మొదటి సగమునందు చూపుచున్న శ్రద్ధను రెండవ సగమునందును చూపుచున్నారా యను ప్రశ్న నేడు మిక్కిలి విచారింపదగినది.

హైదరాబాదునందలి జాతీయ పోషకాహారసంస్థ 2024 మే నెలలో భారతీయుల ఆహారమునకు 17 సూత్రములను ప్రకటించినది. కొవ్వు, చక్కెర, ఉప్పు మిక్కుటముగా గల పదార్థములను, 'అల్ట్రా ప్రాసెస్డ్' ఆహారములను వీలైనంత తగ్గింపుడని అందొక సూత్రము. పొట్లముమీది వివరములను చదివి కొనుడని మరియొక సూత్రము. దేశమునందలి రోగభారములో 56.4 శాతము సరికాని ఆహారమువలననే కలుగుచున్నదను అంచనాను గూడ ఆ సంస్థ పేర్కొన్నది. ఇంతకంటె గురుతరమైన హితవు వేరొకటి యుండబోదు. కాని యీ హితవు తెలుగులోనికి వచ్చుసరికి ఏమైనదో చూడుడు.

పత్రికలయందు 'ప్రాసెస్డ్' అను మాటకు 'శుద్ధి చేసిన' యనియు, 'అల్ట్రా ప్రాసెస్డ్' అను మాటకు 'అతిగా శుద్ధి చేసిన' యనియు వ్రాయుట పరిపాటియైనది. శుద్ధి యనగా మాలిన్యము తొలగుట. చిత్తశుద్ధి, వాక్శుద్ధి, గృహశుద్ధి యను మాటలను పుట్టినది మొదలు వినుచున్న తెలుగువానికి శుద్ధియందు దోషమున్నదని తోచునా? శుద్ధి చేసిన నీరు త్రాగుమని ఆరోగ్యశాఖవారు గోడలమీద వ్రాయింతురు. శుద్ధి చేసిన తిండి తినవద్దని వైద్యులు పత్రికలలో వ్రాయుదురు. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన చదివిన తల్లి, శుద్ధి చేసినదే బిడ్డకు మేలనుకొన్నచో తప్పు ఆమెది కాదు. పథ్యమును చెప్పబోయి ప్రశంసను చెప్పిన మాటది.

మాట యిచ్చట చేసిన చెరుపు అంతతో ఆగలేదు. ఆ 2024వ సంవత్సరమునందే ఆంధ్రప్రదేశప్రభుత్వము ఆహారశుద్ధి పరిశ్రమలను ప్రోత్సహించు నూతన విధానమును ప్రకటించినది. అది రైతునకు మేలు చేయదలచిన విధానమే. మా జి.కొండూరు మొదలుకొని నందిగామ, జగ్గయ్యపేటలవరకు గల మెట్టనేలలలో మామిడి, మిరప పండించువారికి, కాయ గుజ్జగుటయు, పండుమిరప కారమగుటయు బ్రతుకుతెరువే. అయినను ఒకే పదము ఒకచోట అభివృద్ధికి గురుతు, మరియొకచోట రోగమునకు హేతువు. మిరపకాయలను ఎండబెట్టి దంచుటయు, రంగు, వాసన, తీపి కృత్రిమముగా కూర్చి పానీయమును పుట్టించుటయు ఒకే పేరున పిలువబడుచున్నంతకాలము ఈ గందరగోళము తీరదు.

మన ప్రాచీనులు ఈ విషయమున మనకంటె జాగరూకులు. చరకసంహితయందలి విమానస్థానము మొదటి అధ్యాయమున, ఆహారము మేలు కీడులను నిర్ణయించు ఎనిమిది అంశములు చెప్పబడినవి. ద్రవ్యముయొక్క సహజస్వభావము మొదటిది. కరణము, అనగా సంస్కారము, రెండవది. ఉన్న ద్రవ్యమునందు వేరు గుణమును పుట్టించుటయే సంస్కారమని అచ్చటి నిర్వచనాశయము. నీటితోడి సంబంధము, అగ్ని, శుభ్రపరచుట, చిలుకుట మొదలగునవి సంస్కారసాధనములు. శుద్ధి ఆ సాధనములలో ఒకటి మాత్రమే. అనువాదకులు భాగమును సమస్తమునకు పేరుగా పెట్టినారు. అంతకంటె ముఖ్యమైన మాట యొకటున్నది. సంస్కారము మంచిదనియు చెడ్డదనియు ఆ గ్రంథము ముందుగా తీర్పు చెప్పలేదు. ఏ గుణము పోయి ఏ గుణము వచ్చినదని విచారింపుమన్నది. నేటి నిపుణులు ప్రజలకు చెప్పవలసినదియు ఇదియే.

ఈ విచారణకు మన తీరాంధ్రమే ఒక పాఠశాలయైన కాలము కలదు. పూర్వము ఉత్తరసర్కారు జిల్లాలలో బెరిబెరి రోగము ప్రబలియుండెను. దేశములో ఇతరచోట్ల అంతగా కానరాని ఆ జబ్బు ఇచ్చటనే యేల పాదుకొన్నదని శాస్త్రజ్ఞులు విచారించిరి. మరపట్టి తెల్లగా పాలిషు చేసిన పచ్చిబియ్యమే ప్రధానాహారమగుట కారణమని తేలినది. తవుడుతోబాటు థయామిన్ అను జీవపోషకము పోయినది. ధాన్యమును ముందుగా నానబెట్టి ఉడికించి ఆరబెట్టి దంచిన ఉప్పుడుబియ్యము తినుచోట్ల ఆ పోషకము గింజలోనికి ఇంకి నిలుచుటచే రోగము అంతగా లేదు. మరపట్టుట ఒక సంస్కారము, ఉడికించుట ఒక సంస్కారము. ఒకటి కీడు చేసినది, మరియొకటి కాపాడినది. ఈ పరిశోధనకు రాబర్టు మెకారిసన్ 1918లో కూనూరునందు నెలకొల్పిన ప్రయోగశాలయే 1958లో హైదరాబాదునకు తరలి, తరువాత జాతీయ పోషకాహారసంస్థ యను పేరు వహించినది. తమ సంస్థ పుట్టుకయందే యింత చక్కని దృష్టాంతము కలిగియుండగా, మన నిపుణులు దానిని ప్రజలకు కథగా చెప్పకుండుట వింతయే.

'అల్ట్రా ప్రాసెస్డ్' అను విభాగము బ్రెజిల్ దేశపు ఆచార్యుడు కార్లోస్ మొంతేరో 2009లో ప్రతిపాదించిన వర్గీకరణమునుండి వచ్చినది. ఆహారములు అందు నాలుగు తరగతులు. ధాన్యము, పాలు, కూరగాయలు వంటివి మొదటిది. నూనె, చక్కెర, ఉప్పు వంటి వంటసామగ్రి రెండవది. వానిని చేర్చి నిలువచేసినవి మూడవది. మన ఆవకాయ ఈ మూడవ తరగతికి చేరదగినది. ఇంటి వంటలో వాడని పదార్థములతో, రంగులతో, రుచికారకములతో కార్ఖానాలో కూర్చబడినవి నాలుగవది. ఇది ఊహామాత్రము కాదు. 2019లో అమెరికాయందు 20 మందిని పరిశోధనాలయముననే యుంచి, రెండేసి వారములు ఒక్కొక్కవిధమైన భోజనము పెట్టి చూచిరి. వడ్డించిన చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానముగా నుండినను, నాలుగవ తరగతి తిండి తినినప్పుడు వారు దినమునకు సుమారు 500 కెలోరీలు ఎక్కువ తినిరి; బరువు పెరిగిరి. ఈ తరగతి మిక్కిలి విశాలమనియు, సంచిలో నమ్ము రొట్టెను కూల్‌డ్రింకును ఒకే గాటకట్టుట తగదనియు కొందరు నిపుణుల ఆక్షేపణ. ఆ ఆక్షేపణ విచారింపదగినదే. కాని పండితుల వాదము ముగియువరకు బడిముందరి అంగడిలో వ్రేలాడుచున్న పొట్లములు అమ్ముడుపోక ఆగవు.

నిపుణుడు ప్రజలతో మాటలాడవలసిన తీరునకు హైదరాబాదునందే ఒక మేలిమి ఉదాహరణము కలదు. విరేచనములైన బిడ్డకు ఇచ్చు ఓఆర్‌ఎస్ ద్రావణములో లీటరునకు గ్లూకోసు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమము. అంతకు అనేకరెట్లు చక్కెర గల పానీయములు ఆ మూడక్షరములను పేరులో చేర్చుకొని మందులయంగళ్లలో అమ్ముడుపోయినవి. అధికమైన చక్కెర ప్రేగులలోనికి నీటిని లాగి విరేచనములను హెచ్చించును; మందనుకొని త్రాగించినది రోగమును పెంచును. శిశువైద్యురాలు శివరంజనీ సంతోష్ గారు ఎనిమిది సంవత్సరములు ఈ యొక్క విషయముమీదనే పోరాడిరి. 'ఇది ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు' అను వాక్యమును ముద్రించినచో ఆ పేరు వాడుకొనవచ్చునని 2022లో అనుమతించిన ఆహారభద్రతాప్రాధికారము, ఆ యనుమతిని 2025 అక్టోబరు 14న ఉపసంహరించుకొన్నది. ముఖమున ఒక మాట వ్రాసి, ప్రక్కన దానిని కాదనుట వర్తకనీతి యగునేమోగాని శాస్త్రనీతి కాదు. ఆమె ఘనత నూతన సిద్ధాంతమును కనుగొనుటలో లేదు. ఒక వస్తువును, ఒక పేరును, ఒక అపాయమును ఏ తల్లికైనను తెలియునట్లు చెప్పుటలో నున్నది.

దీనికి ప్రతికూలమైన ఉదాహరణము చౌకధరల దుకాణములలోని పోషకబియ్యము. ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 చేర్చి పిండితో యంత్రముపై తయారుచేసిన గింజలను నూటికొక పాలు చొప్పున బియ్యములో కలిపిరి. ఆ ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇంతటి తెలుగు సంబంధము గల గింజ మన యిండ్లకు వచ్చినప్పుడు పలుచోట్ల 'ప్లాస్టిక్ బియ్యము'గా పేరుపడినది. చేటలో బియ్యము చెరుగు స్త్రీలు, తీరు వేరుగా నున్న గింజలను ఏరి పారవేసిరి. వారిని అజ్ఞానులని నిందించుట సులభము. కాని బియ్యములో వేరుగింజ కనబడిన ఏరివేయుట వారు తరతరములుగా నేర్చిన జాగ్రత్త. చేటదాక వచ్చి చెప్పవలసినవారు సంచిమీద ముద్ర వేసి ఊరకుండిరి.

కావున నిపుణులకు మనవి చేయవలసినవి మూడు. మొదటిది, 'అతిశుద్ధి' యను మాటను విడుచుట. మొంతేరో వర్ణించిన తత్త్వమునుబట్టి చూడగా వానిని 'కార్ఖానాకూర్పులు' అనిన చాలును. ఇంకను మంచి మాట దొరికిన సంతోషమే. రెండవది, 'తగ్గింపుడు' అని ఊరకుండక, ఏ గుణము పోయినది, ఏది చేరినది, దానికి బదులు ఇంట ఏమున్నదని చెప్పుట. మూడవది, పొట్లమును చదువుమని యుపదేశించుటకు ముందు పొట్లమును చదువదగినదిగా చేయించుట. చిలీదేశము 2016 మొదలు చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన పొట్లములకు ముందువైపుననే నల్లని ఎనిమిది మూలల గురుతు వేయించుచున్నది. అక్షరము రానివారును దానిని చదువగలరు. మన పొట్లములమీది చీమతలలవంటి ఆంగ్లాక్షరములను పదవతరగతి బాలుడే కూడబలుకుకొనవలసి వచ్చుచుండగా, కూలికిపోయి వచ్చిన తల్లి చదివి నిర్ణయించుకొనునని తలచుట బాధ్యతను ఆమె నెత్తిన వేయుటయే.

విద్యావంతులకు సూత్రములు, విద్యలేనివారికి రోగములు అను పంపకము శాస్త్రమునకు శోభ కాదు. వర్తకుడు బాలుని నాలుకకు తెలియు భాషలో మాటలాడుచున్నాడు. వైద్యుడు ఆ బాలుని తల్లికి తెలియు భాషలోనైనను మాటలాడవలదా?