పదకొండు పేర్ల చీటీ

ఫిలిప్పీన్స్ బ్యాలెట్ మీద హస్తం, సైకిలు, ఫ్యాను, కారు లాంటి గుర్తులు ఉండవు. 2010లో ఓట్ల లెక్కింపు యంత్రాలు వచ్చేదాకా అచ్చేసిన పేర్లు కూడా ఉండేవి కావు. ఖాళీ గీతలే ఉండేవి, ఓటరే తనకు కావలసిన పేర్లను స్వదస్తూరీతో రాయాల్సి వచ్చేది. పన్నెండు మంది సెనెటర్ల పేర్లు రాశాక గానీ ఊరి పదవుల దాకా వచ్చేవాడు కాదు. అక్కడ పార్టీ నిలబడాలంటే ముందు ఓటరు జ్ఞాపకంలో నిలబడాలి. సెబూ నగరంలో బందో ఒస్మేన్యా-పుండోక్ కౌస్వాగన్, పొట్టిగా బీఓపీకే, ఎదిగిన తీరులో నన్ను కట్టిపడేసేది ఆ పనితనమే.

1986లో అధ్యక్షుడు మార్కోస్ పతనమయ్యాక, 1988 స్థానిక ఎన్నికల కోసం తోమాస్ ఒస్మేన్యా కూర్చిన పార్టీ ఇది. తాత సెర్హియో దేశాధ్యక్షుడు. తండ్రి 1969లో అధ్యక్ష పదవికి పోటీ చేసి మార్కోస్ చేతిలో ఓడినవాడు. సెబూలో ఆ ఇంటిపేరు తెలియని ఇల్లు ఉండదు. మేయరుగా గెలవడానికి అది చాలు. మిగతా పేర్లను గెలిపించుకోవడమే అసలు పని.

నగరం ఉత్తర, దక్షిణ నియోజకవర్గాలుగా ఉంటుంది. ఓటరు ఒక పార్లమెంటు సభ్యుణ్ణి, మేయరును, ఉపమేయరును, తన నియోజకవర్గం నుంచి ఎనిమిది మంది కౌన్సిలర్లను ఎన్నుకోవాలి. మొత్తం పదకొండు పేర్లు. ఈ పదవుల్లో పార్టీకి ఓటు అంటూ విడిగా ఉండదు, ప్రతి ఓటూ ఒక మనిషికే. పైగా కౌన్సిలర్ల పేర్లను ఇంటిపేర్ల అక్షర క్రమంలో వేస్తారు కాబట్టి ఒకే పార్టీ ఎనిమిది మందీ ప్రత్యర్థుల మధ్య చెల్లాచెదురవుతారు. వాళ్ళను తిరిగి ఒక్కచోట చేర్చేది నమూనా బ్యాలెట్. చేతిలో ఇమిడే ఈ కాగితంలో పదవుల వరసలో మనవాళ్ళ పేర్లు, పక్కన బ్యాలెట్ సంఖ్యలు. చెదిరిన పూసలను దారానికి గుచ్చినట్టు ఈ చీటీయే పార్టీని మళ్ళీ పార్టీగా చేస్తుంది. ఓటర్లు దీన్ని ‘కోడిగో’ అంటారు, చూసి నింపుతారు.

చీటీలో ఏ ఎనిమిది మంది ఉండాలన్నది ఇంకా సున్నితమైన లెక్క. ఒకే పేటవాళ్ళను పెడితే ఒకరి ఓట్లను ఒకరు తినేస్తారు. వేర్వేరు చోట్ల పట్టున్నవాళ్ళను తీసుకుంటే, ప్రతివాడూ తన పేట ఓట్లు తెచ్చి మిగతా ఏడుగురికీ అరువిస్తాడు. అరువు తిరిగి రాదని అనుమానం పుడితే మాత్రం ‘నాకొక్కడికే వెయ్యండి’ అన్న గుసగుస మొదలవుతుంది. చీటీ తయారుచేసేవాడు లెక్క ఎంత తెలిసినవాడో, పెద్దమనిషి కూడా అంతే కావాలి.

ఈ పట్టు పుట్టేది బరంగాయ్‌లలో, అంటే మన వార్డుల కన్నా బలమైన పేట పాలనల్లో. సెబూలో 80 ఉన్నాయి. చట్టం ప్రకారం బరంగాయ్ ఎన్నికలకు పార్టీలు ఉండకూడదు. కానీ కాలువ పూడిక, పెళ్ళి, చావు అన్నిటికీ జనం వెళ్ళేది బరంగాయ్ కెప్టెన్ దగ్గరికే. కాబట్టి పైన జెండా లేకపోయినా లోపల పార్టీ ఉంటుంది. కెప్టెన్ల సంఘం అధ్యక్షుడికి నగర కౌన్సిల్లో ఒక కుర్చీ కూడా ఉంది.

ఇంత నేర్పుగా అమర్చినా ఒక అతుకు మాత్రం పదేపదే విడింది. వరసగా మూడు దఫాలకు మించి మేయరుగా ఉండకూడదన్నది రాజ్యాంగ నియమం. 2001, 2004, 2007లలో గెలిచిన ఒస్మేన్యా 2010లో పార్లమెంటుకు జరిగి, ఉపమేయరు మైక్ రామాకు కుర్చీ అప్పగించాడు. రామా విడిపోయి సొంత కూటమి కట్టి, 2013లో ఒస్మేన్యానే ఓడించాడు. అంతకుముందు అల్విన్ గార్సియా కథా అలాంటిదే: ఒస్మేన్యా దగ్గర ఉపమేయరు, తర్వాత మేయరు, ఆపైన ‘కుసుగ్’ అనే ప్రత్యర్థి పార్టీ. సెబూలో ప్రతిపక్షమంతా బీఓపీకే కార్ఖానాలో పని నేర్చుకున్నదే అనిపిస్తుంది నాకు.

2025లో రామా, గార్సియా వర్గాలు విడివిడిగా పోటీచేశాయి. బీఓపీకే తరఫున చాలాకాలం కౌన్సిలరుగా ఉన్న నెస్టర్ అర్చివల్ మేయరయ్యాడు. తోమాస్ ఒస్మేన్యా ఈసారి ఉపమేయరు. కౌన్సిల్ సమావేశాలకు అధ్యక్షత ఆయనదే. సభ్యుల ఓట్లు సరిసమానమైతే తప్ప ఆయనకు ఓటు లేదు.