రిఫ్లెక్టరు పట్టినవాడికే వెలుగు తెలుస్తుంది

మన ఊళ్ల ఫొటో స్టూడియోల్లో పని నేర్చుకోవడానికి వచ్చినవాడి చేతికి మొదటే కెమెరా ఇవ్వరు. వెలుగును మళ్లించే రిఫ్లెక్టరు ఇస్తారు, లైటు స్టాండు మోయమంటారు. చాలామంది కుర్రాళ్లు దాన్ని చాకిరీ అనుకుంటారు. నిజానికి అవుట్‌డోర్ షూట్‌లో పని నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు మరొకటి లేదు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా, సికింద్రాబాదు స్టూడియో యజమానిగా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) వృత్తిని ఆయన కొడుకులు అందిపుచ్చుకున్నారు. ఫొటోగ్రఫీ అలా పక్కనుండి చూసి పట్టుకోవాల్సిన విద్య.

ప్రీ వెడ్డింగ్ షూట్లకు జనం ఇష్టపడే కడప జిల్లా గండికోటనే తీసుకుందాం. అనుభవమున్న ఫొటోగ్రాఫరు ముందురోజే చేరుకుని కోటంతా కలియదిరుగుతాడు. పొద్దు ఎటు పొడుస్తుంది, పెన్నా లోయలోకి ఎండ ఎప్పుడు దిగుతుంది, గాలి లేస్తే స్టాండు ఎక్కడ నిలుస్తుంది, జంట నిలబడే రాతికీ లోయ అంచుకూ మధ్య ఎంత జాగా ఉంది, అన్నీ చూసుకుంటాడు. షూటింగుకు కావలసిన అనుమతులు అప్పటికే చేతిలో ఉంటాయి. మర్నాటి ఫొటోలు సగం ఆ నడకలోనే తయారవుతాయి.

పొద్దు పొడిచాక కాసేపు ఎండ ఏటవాలుగా, మెత్తగా ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలో దూరపు దృశ్యాలన్నీ ముగిస్తాడు. ఎండ నెత్తికెక్కితే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. అప్పుడు జంటను కోటలోని గుడి మండపంలోకి మారుస్తాడు. పైన రాతి కప్పు, ఒక పక్క తెరపి ఉండటంతో వెలుగు ఒకే వైపు నుంచి వస్తుంది. "ఇంకొంచెం పైకి, ముందుకు" అని రిఫ్లెక్టరు పట్టిన అసిస్టెంటుకు చెబుతున్నప్పుడు అతని చూపు కెమెరా తెర మీద ఉండదు, పెళ్లికూతురి కంటిలో మెరిసే చుక్క మీద ఉంటుంది. ఆ చుక్క కనబడగానే ముఖానికి ప్రాణం వస్తుంది. రిఫ్లెక్టరు మరీ కిందికి దిగితే ముక్కు నీడ పైకి పోయి అందమైన ముఖమే వికారమవుతుంది. ఎర్ర రాతి గోడకు ఆనుకుని నిలబడితే ఆ ఎరుపు తెల్ల చీర మీదికి పాకుతుంది, అందుకే రెండడుగులు ఇవతలికి జరుపుతాడు. ఫ్లాషును రెండింతల దూరం జరిపితే వెలుగు సుమారు నాలుగో వంతుకు పడిపోతుందని పుస్తకంలో ఉంటుంది. స్టాండు ఎత్తి జరిపినవాడికి అది కళ్లకు కడుతుంది.

మనుషులతో మెలిగే తీరు మరో పెద్ద పాఠం. చేతులెక్కడ పెట్టాలో తెలియక బిగుసుకుపోయిన పెళ్లికొడుకుతో "నవ్వండి" అనడు. "ఆవిడ కొంగు ఎగిరిపోతోంది, కాస్త పట్టుకోండి బాబూ" అంటాడు. అబ్బాయి చేతికి పని దొరుకుతుంది, అమ్మాయికి నవ్వొస్తుంది. ఆ నవ్వు వస్తుందని ముందే తెలుసు కాబట్టి ఫొటోగ్రాఫరు వేలు బటన్ మీద సిద్ధంగా ఉంటుంది.

కెమెరా సెట్టింగులు ఇవాళ వీడియోల్లో ఎన్నైనా దొరుకుతాయి. ఏ ఫొటో తీయకుండా వదిలేయాలో, ఎప్పుడు ఓపికపట్టాలో, మబ్బు కమ్మితే వేసుకున్న పథకాన్ని ఎలా మార్చాలో మాత్రం పక్కన నిలబడితేనే వంటబడుతుంది. కాబట్టి షూట్‌కు వెళ్లే అవకాశం వస్తే ఫొటోగ్రాఫరు పనికి అడ్డు రాకుండా మెలగండి. ఎపర్చరు ఎంత పెట్టారని అడగకండి, ఇక్కడికే ఎందుకు జరిపారని విరామంలో అడగండి. చెప్పిన కారణాన్ని ఆ రాత్రే రాసిపెట్టుకోండి. అంకెలు ఆనాటి ఎండకే సరిపోతాయి, కారణాలు ప్రతి ఎండకూ పనికొస్తాయి.