ఇప్పపూవు, మంచి పూత

ఈ వారము సిరొంచ అంగడిలో కొన్న ఇప్పపూవు పొట్లమును విప్పి చూడగా, చైత్రమాసపు ఎండలో గలగలలాడునట్లు ఎండిన పూవంతయు ముద్దయై, వ్రేళ్లకు అంటుకొనుచు, పులిసిన కంపు కొట్టుచుండెను. నా మనస్సు చివుక్కుమన్నది. సంచియా పలుచనిది, ప్రాణహిత మీదుగా వీచునది వానకాలపు చెమ్మగాలి, చక్కెర మెండుగా గల ఇప్పపూవు తేమను తనంతట తానే లాగుకొనును గదా!

చెమ్మను ఆపునవే యైనను, తళతళలాడు అల్యూమినియపు సంచులపై నాకు గల విముఖత ఈ శీర్షికను చదువువారికి క్రొత్త గాదు. అతికిన పొరలు విడదీయరాక, అవి మరల దేనికిని పనికిరాక, వాగులలో పడియుండును. కావున నా తలపు వెంటనే వెదురు గుమ్మి వైపునకు మరలినది. మా మేనత్త ఎర్రమట్టియు, పేడయు, కాసింత ఊకయు కలిపి త్రొక్కి, గుమ్మిని లోపలను వెలుపలను మెత్తి, ఆరిన పిదప అరచేతితో నిమిరి చూచి, బీట తగిలినచోట మరల అలికెడిది. వట్టి మట్టి యైనచో ఎండగనే పగులును. పేడయు ఊకయు దానిని పట్టి యుంచును.

సంచులపై పూయు నేటి సంకరపూతల మర్మమును ఇట్టిదే. పాలిథిన్ నీటియావిరిని ఆపును గాని ఆక్సిజన్‌ను పోనిచ్చును. పాలీవినైల్ ఆల్కహాల్ పొడిగా నున్నంతవఱకు ఆక్సిజన్‌ను ఆపి, చెమ్మ తగిలినంతనే సడలును. గాజు రెంటిని అడ్డగించును గాని మడిచినచో పగులును. జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్ నగరమున ఫ్రౌన్‌హోఫర్ సంస్థవారు గాజు గుణమును, ప్లాస్టిక్ గుణమును ఒకే అణుజాలమున అల్లి, 'ఆర్మోసెర్' అను పేర మైక్రాన్ల మందమున పూయు విద్యను సాధించిరి. మఱికొందఱు పాలిమర్‌లో బంకమట్టి పలకలను కలిపి, వాయువునకు దారి వంకరటింకరయై దూరమగునట్లు చేయుదురు.

అట్లని గుమ్మియే చాలునందునా? చాలదు. గుమ్మి ధాన్యమునకై పుట్టినది. దాని గోడనుండి కొంత గాలి ఆడుట గింజకు మేలే గాని, ఇప్పపూవునకు ఆ గాలిలోని చెమ్మయే చేటు. పైగా గుమ్మి బస్సెక్కి సంతకు పోజాలదు. ఒకే జాతి ప్లాస్టిక్‌పైననో, కాగితముపైననో పూసిన మంచి పూతయే దీనికి తగిన రక్ష. అయితే పూత వెలుపలి తేమనే గాక లోపలి తేమను గూడ బంధించును. పూవు చక్కగా ఎండనిదే సంచిమూతి కట్టరాదు.

2006 నాటి అటవీహక్కుల చట్టము ఇప్పపూవు వంటి అడవి ఫలసాయమును ఏరుకొనుటకును అమ్ముకొనుటకును అడవిబిడ్డలకు హక్కునిచ్చినది. ఆ సరకు వానకాలము దాటి ధర పలుకునట్లు నిలుపు సంచిని గూడ పరిశోధనాలయములు మన గ్రామసభలకు అందింపవలయును.