గదెవరిది, చూపెవరిది? బుడ్వార్ ఫొటో మీద కొన్ని ప్రశ్నలు

విశాఖ చుట్టుపక్కల ఫొటో స్టూడియోల పని గత పది, పదిహేనేళ్లలో బాగా మారింది. పాస్‌పోర్టు సైజు ఫొటోలూ, ఓణీల ఫంక్షన్లూ, పెళ్లి ఆల్బంలూ చేసుకుని బతికిన చోట ఇప్పుడు ప్రీ వెడ్డింగ్ షూట్, కడుపుతో వున్నప్పటి షూట్, వాటి తర్వాతి మెట్టుగా బుడ్వార్ షూట్ అనే మాటా వినబడుతోంది. పడకగది లాంటి ఏకాంతపు గదిలో, కొద్దిపాటి బట్టలతోనో పల్చటి బట్టలతోనో, ఒక స్త్రీ తన కోసమో కట్టుకున్నవాడి కోసమో తీయించుకునే పోర్ట్రెయిట్‌ని బుడ్వార్ అంటున్నారు. దీన్ని వృత్తిగా చేసుకున్నవాళ్లు చెప్పే మాట ఒకటే: ఇది బూతు కాదు, స్త్రీ తన దేహాన్ని తాను ప్రేమించుకోవడం. వ్యతిరేకించేవాళ్లు చెప్పే మాటా ఒకటే: ఇది మన సంస్కృతి కాదు. చర్చంతా ఈ రెండు మాటల మధ్యే నడుస్తోంది. మేం ఈ రెంటిలో దేన్నీ ఒప్పుకోలేకపోతున్నాం. ఎందుకంటే రెండింటిలోనూ 'స్త్రీ' అనే మాటకి కులం లేదు. రెండింటిలోనూ 'గది' అనేది అందరికీ వున్నదే అన్నట్టు మాట్లాడుతున్నారు.

ముందు ఆ గది సంగతి చూద్దాం. బుడ్వార్ ఫ్రెంచి మాట. అలగడం, మూతి ముడుచుకోవడం అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టింది. అంటే అలకటిల్లు. కైకేయి పడుకున్న కోపగృహం లాంటిదన్నమాట. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో దొరసానులకి మగవాళ్ల కొలువుకి దూరంగా తమదైన ఒక చిన్న గది వుండేది. అలగాలన్నా, అలంకరించుకోవాలన్నా, ఎవరినైనా రానివ్వాలన్నా, రానివ్వొద్దన్నా ఆ తలుపు వాళ్ల చేతిలో వుండేది. వర్జీనియా వూల్ఫ్ 1929లో ఆడదానికి తనదైన గది కావాలని రాసినప్పుడు అడిగింది కూడా తలుపుకి గడియ వుండే గదినే. మరి మాలపేటలో, మాదిగపేటలో ఆడమనిషి అలిగితే ఎక్కడికి పోతుంది? ఒక్క గది ఇంట్లో అత్త, మావ, పిల్లలు, మేకపిల్ల. అలకకి మిగిలేది చెరువుగట్టు. బట్ట మార్చుకోవడానికి అడ్డుపెట్టుకునేది ఇంకో బట్ట. ఏకాంతం లేని జీవితం నుంచి చూస్తే 'ఏకాంతపు చిత్రం' అనే కళే వేరేగా కనబడుతుంది.

ఆనందపురం పూలమార్కెట్ సంగతి విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు. హైవే కూడలిలో పొద్దు పొడవకముందే బుట్టలు దిగుతాయి. ఆ బంతి, ఆ చేమంతి, ఆ కనకాంబరం దేవుడి గుళ్లకీ, పెళ్లిపందిళ్లకీ, శోభనం మంచాలకీ, ఇప్పుడు షూటింగు గదులకీ పోతాయి. పూలు కోసేవాళ్లూ, దండ గుచ్చేవాళ్లూ, మూరల లెక్కన అమ్మేవాళ్లూ ఎక్కువమంది ఆడవాళ్లే. పడకని చిత్రానికి సిద్ధం చేసే ఆ చేతులు చిత్రంలో వుండవు. ఏ కళనైనా అంచనా కట్టేటప్పుడు ఫ్రేములో ఎవరున్నారన్నదే కాదు, ఫ్రేము బయట ఎవరి పనుందన్నదీ చూడాలి. దళిత విమర్శ మొదటినుంచీ అడుగుతున్నది ఇదే.

తెలుగు నేల మీద ఈ విషయానికి ఒక చరిత్ర వుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో ఒక జనానా స్టూడియో పెట్టాడు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా పెట్టిందది. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల కెమెరా పట్టేది మగవాడు కాదు, కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని. నవాబుల, జాగీర్దార్ల ఆడవాళ్లు పరపురుషుడి కంటపడకుండా నచ్చిన బట్టలో, నచ్చిన నగలతో ఫొటో తీయించుకునే ఏర్పాటు. ఇవాళ 'మా దగ్గర లేడీ ఫొటోగ్రాఫరే వుంటారు, పూర్తి ప్రైవసీ' అని స్టూడియోలు చెప్పుకునే మాటకి హైదరాబాదులో నూటముప్ఫై ఏళ్ల పైబడిన పూర్వరంగం వుందన్నమాట.

అదే కాలంలో కింది కులాల ఆడవాళ్లని కెమెరా ఎలా చూసింది? 1868 నుంచి 1875 వరకు బ్రిటిష్ ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాల ఫొటోలు అచ్చేసింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా చేసిన ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. ముక్కు పొడవూ, తల చుట్టుకొలతా కొలబద్దలతో కొలిచిన మనిషి. మాల, మాదిగ, యానాది అన్నీ అక్షరక్రమంలో పద్దులు. ఇట్లాంటి పుస్తకాల ఫొటోల్లో మనిషి పేరుండదు, కులం పేరుంటుంది. గోడ వుండదు, ఆరుబయలే స్టూడియో. లేడీ ఫొటోగ్రాఫర్ మాట దేవుడెరుగు, అనుమతి అడిగారో లేదో కూడా ఎక్కడా రాసి వుండదు. ఒక వర్గం స్త్రీకి ఫొటో అంటే ఎత్తైన గోడల మధ్య తన ఇష్టం. ఇంకో వర్గం స్త్రీకి ఫొటో అంటే నమూనాగా నిలబడటం. ఈ రెండూ ఒకే దశాబ్దాల్లో, ఒకే రకం గాజు ప్లేట్ల మీద జరిగాయి. బుడ్వార్ ఫొటోని ప్రపంచ ఫొటోగ్రఫీ చరిత్రలో ఒక అందమైన శాఖగా చెప్పేవాళ్లు మొదటి కథే చెప్తారు. రెండోది మానవశాస్త్రం ఖాతాలో వేస్తారు.

నల్లవాళ్ల అనుభవం ఇక్కడ మనకి దగ్గరది. 1850లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో లూయీ అగాసీ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ కోసం కొందరు బానిసలని బట్టలిప్పించి ఫొటోలు తీశారు. అందులో డెలియా, డ్రానా అనే ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లతోపాటు ఫొటోలకి నిలబెట్టిన రెంటీ అనే ఆయన మా పూర్వీకుడు, డెలియా ఆయన కూతురు, ఆ ఫొటోలు మా కుటుంబానివి అంటూ తమారా లేనియర్ 2019లో హార్వర్డ్ మీద దావా వేసింది. ఫొటోలో వున్న మనిషికి ఫొటో మీద ఆస్తిహక్కు లేదని కింది కోర్టు కొట్టేసింది. 2022లో మసాచుసెట్స్ సుప్రీం కోర్టు ఆస్తిహక్కుని ఒప్పుకోలేదు గానీ ఆమెకి కలిగిన మనోవేదన మీద దావా నడపొచ్చంది. 2025లో రాజీ కుదిరి, ఆ ఫొటోలని హార్వర్డ్ వదులుకుంది. నూటడెబ్భై అయిదేళ్లు పట్టింది. బట్టలు విప్పించినవాడి పేరు మాత్రం మొదటినుంచీ చరిత్రలో వుంది.

ఇక బట్ట సంగతి. 'ముసుగులు తీసేద్దాం' అనేది విముక్తి నినాదంగా వినబడొచ్చు. కానీ బట్ట కోసం రక్తం చిందించిన చరిత్ర మాది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ముల మీద పైబట్ట కోసం దశాబ్దాల తరబడి దెబ్బలు తిన్నారు. 1859లో రాజు రవికకి అనుమతి ఇచ్చినప్పుడు కూడా పెద్దకులం ఆడవాళ్ల తీరులో కట్టకూడదని మెలిక పెట్టాడు. 1927 డిసెంబరులో మహాడ్‌లో అంబేద్కర్ ప్రత్యేకంగా ఆడవాళ్లతో మాట్లాడి, చీర మిగతా కులాల స్త్రీలు కట్టినట్టే నిండుగా కట్టమనీ, అంటరానివాళ్లని గుర్తుపట్టించే ఆ బరువు నగలు వదిలేయమనీ చెప్పాడు. ఆయన అక్కడ మాట్లాడింది ఫ్యాషన్ గురించి కాదు, కులపు గుర్తుని ఒంటి మీద నుంచి దించడం గురించి. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీ, జోగినీ దురాచారాల మీద చట్టం చేయాల్సి వచ్చింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం దళితుల ఒంటి మీది బట్టలు బలవంతంగా తీయడాన్ని, నగ్నంగా ఊరేగించడాన్ని విడిగా నేరంగా రాసుకుంది. ఒక సమాజంలో వివస్త్రని చేయడం శిక్షగా నడుస్తున్నప్పుడు, అదే సమాజంలో బట్ట తగ్గించుకోవడం అందరికీ ఒకే స్వేచ్ఛ ఎలా అవుతుంది?

1993లో 'నీలిమేఘాలు' వచ్చి స్త్రీ దేహం గురించి తెలుగులో నోరు విప్పింది. అది మంచి పని. ఆ వెంటే దళిత స్త్రీలు అడిగిన ప్రశ్న కూడా గుర్తుంచుకోవాలి: మీ దేహానికి కాపలా ఎక్కువైంది, మా దేహానికి కాపలాయే లేదు, మరి ఇద్దరి పోరాటమూ ఒకటేనా? బుడ్వార్ మీద చర్చ సరిగ్గా ఇక్కడ ఆగిపోయి వుంది.

ఇంతవరకు చదివినవాళ్లు మేం నిషేధం కోరుతున్నామనుకోవచ్చు. కాదు. దళిత స్త్రీ తన ఒంటిని తనే ఇష్టంగా చూసుకోవాలనుకుంటే అడ్డు చెప్పే హక్కు ఊరి పెద్దలకీ లేదు, మన ఉద్యమంలోని మగ నాయకులకీ లేదు. కులం పరువు బరువంతా ఆడవాళ్ల పైటకొంగు మీద పెట్టడం మనువు దగ్గర నేర్చుకున్న పాఠమే. నల్లటి ఒళ్లు, కాయకష్టం చేసిన భుజాలు, కాన్పుల గీతలు పడ్డ పొట్ట అందమైనవేనని ఒక చిత్రం చెప్పగలిగితే అది రాజకీయంగా చిన్న సంగతి కాదు. మా ప్రశ్న ఆ చిత్రాలు నిజంగా అలా చెప్తున్నాయా అన్నదే.

చూస్తే అలా చెప్పడం లేదు. తెల్లటి దుప్పటి, కిటికీ వెలుగు, అద్దం, పక్కకి తిప్పిన ముఖం: ఇది యూరపు తైలవర్ణ చిత్రాల నుంచి దిగుమతైన నమూనా. వెలుగు కొలతలు కూడా తెల్ల ఒంటికి కట్టినవే. కొడాక్ కంపెనీ దశాబ్దాల పాటు రంగుల ప్రింట్లని సరిచూసుకున్న 'షిర్లీ కార్డు' మీద వుండేది తెల్ల అమ్మాయి బొమ్మ. తెల్లటి దుప్పటి మీద నల్లటి మనిషిని పెట్టి కెమెరా ఆటోలో కొడితే దుప్పటి వివరాలు నిలుస్తాయి, ముఖం మసకబారుతుంది. వెలుగుని ముఖానికి కొలిచి, పక్కనుంచి రిఫ్లెక్టర్ పట్టే ఓపిక వుంటే అదే నల్లటి చర్మం మెరుస్తుంది. ఆ ఓపిక లేనిచోట వచ్చేది 'టచింగ్'. పాతరోజుల్లో నెగెటివ్ మీద పెన్సిలుతో చేసేవాళ్లు, ఇప్పుడు కంప్యూటర్లో ఒక నొక్కుతో ఒళ్లంతా రెండు ఛాయలు తెల్లబడుతుంది. కాన్పు గీతలు పోతాయి. నీ దేహాన్ని ప్రేమించుకో అని పిలిచి, చివరికి వేరే దేహాన్ని ఆల్బంలో పెట్టి ఇస్తున్నారు.

దీనికి తోడు 'పల్లెపడుచు థీమ్' ఒకటి. రవిక లేకుండా మోకాలి పైకి చీర, నెత్తిన గడ్డిమోపో చంకన కుండో, వరిచేను గట్టు. మా అమ్మమ్మల తరంలో రవిక లేకపోవడం థీమ్ కాదు. ఆ చేలో వంగి నాట్లేసిన మనిషి పేదరికాన్ని శృంగారంగా మార్చి, కూలీనాలీ ఎరగని ఒంటికి తొడగడాన్ని ఏ సౌందర్యశాస్త్రంతో సమర్థిస్తారు?

కెమెరా వెనకున్న మనుషుల సంగతీ మాట్లాడాలి. కెమెరా పట్టడం కులవృత్తి కాదు. అందుకే పేటల్లోంచి వచ్చిన కుర్రాళ్లు లైట్లు మోస్తూ, వైర్లు చుడుతూ పని నేర్చుకుని ఫొటోగ్రాఫర్లయ్యారు. మన కులాలకి తెరుచుకున్న కొద్ది తలుపుల్లో ఇదొకటి. కానీ బుడ్వార్ దగ్గరికొచ్చేసరికి ఆ తలుపు మళ్లీ ఓరగా మూసుకుంటుంది. ఈ పనికి కావలసింది నమ్మకం. నమ్మకం అనే మాట వెనక ఏ ఇంటిపేరు, ఏ ఇంగ్లీషు, ఏ ఒంటిరంగు వుందో వేరే చెప్పాలా? పెళ్లిలో అన్నం పెట్టి 'తమ్ముడూ, బాగా తియ్యి' అన్నవాళ్లే పడకగది దాకా వస్తే 'మీరేట్లు?' అని ఆరా తీస్తారు. పోనీ దళిత అమ్మాయి కెమెరా పట్టుకుని ఈ పనిలోకి వస్తే ఆమె మీద పడే మాటలు ఇంకో రకం.

చట్టం విషయంలో ఆడవాళ్లకి తెలియాల్సింది ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టం పదిహేడో సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే, తీసినవాడిది కాదు. మోసమంతా ఆ 'వేరే ఒప్పందం'లోనే వుంటుంది. అడ్వాన్సు రసీదు వెనక చిన్న అక్షరాల ఇంగ్లీషులో 'ప్రచారానికి వాడుకోవచ్చు' అన్న వాక్యం మీద సంతకం అయిపోతుంది. డబ్బిచ్చింది మొగుడైతే హక్కు ఎవరిది, ఒంట్లో వున్న మనిషిదా, జేబులో వున్న మనిషిదా అనేది ఇంకా పెద్ద ప్రశ్న. 2024 జూలై 1 నుంచి అమల్లో వున్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం, ఏకాంతపు ఫొటో తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకి పంచడానికి ఒప్పుకోకపోతే ఆ పంచడం నేరం. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కూడా వుంది. స్టేషన్‌కి వెళ్లే ధైర్యం మాత్రం చట్టం ఇవ్వదు.

కాబట్టి ఇకముందు ఈ తరహా ఫొటోల మీద రాసేవాళ్లు శ్లీలం, అశ్లీలం దగ్గరే ఆగిపోకుండా మరికొన్ని అడగాలని మా ప్రతిపాదన. తలుపు గడియ ఎవరి చేతిలో వుంది? ఆమె ఒద్దన్న ఫొటోని ఆమె ఎదుటే చెరిపేశారా? వెలుగుని ఎవరి రంగుకి కొలిచారు? ఒంటి మీద పని చేసిన గుర్తులు ప్రింటులో మిగిలాయా? ఫైళ్లు ఎవరి దగ్గరున్నాయి, ఎన్నాళ్లు?

పరిశోధక విద్యార్థులకి ఇంకో మాట. ఆనందపురం, భీమిలి, గాజువాక ప్రాంతాల పాత స్టూడియోల్లో ఎవరూ తీసుకుపోని నెగెటివ్‌లు మూటల్లో వున్నచోట అవి చెదలు పట్టకముందే చూడాలి. ప్రతి ఇంట్లో ఒక్క ఫొటో అయినా వుంటుంది: అరువు తెచ్చుకున్న చీరలో, పెయింటింగు తెర ముందు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ పట్టుకుని నిలబడ్డ అమ్మమ్మది. ఆమె తనంతట తాను, తన డబ్బుతో, ఇలా కనబడాలి అని కోరుకుని తీయించుకున్న చిత్రమది. దళిత స్త్రీ సొంత పోర్ట్రెయిట్ చరిత్ర అక్కడ మొదలుపెట్టాలి. దొరికినచోటల్లా, ఆ ఇంటివాళ్లు సరేనంటే, వెనకవైపు ఆమె పేరు రాసి పెట్టండి. కులం ఒక్కటే రాసిన ఫొటోలు మ్యూజియంలో ఇప్పటికే చాలా వున్నాయి.