ఆటో ఎక్కించే ముందు

పొద్దున ఏడున్నరకు మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల ఏ రోడ్డు మీద నిలబడినా బడి ఆటో కనిపిస్తుంది. వెనక సీటుకు ఎదురుగా అడ్డంగా ఓ చెక్క, దాని మీద నలుగురు చిన్నపిల్లలు. కమ్మీలకు వేలాడుతున్న పుస్తకాల సంచులు. డ్రైవరు సీటులో సగం పంచుకుని కూర్చున్న ఐదో తరగతి పిల్లాడు. మిరప కోతల సీజన్‌లో అయితే, వీళ్లను బడి దగ్గర దింపేసి అదే ఆటో కూలీల కోసం పరుగెడుతుంది.

ఆ బండిని ఎంచుకున్నదెవరు? పక్కింటివాళ్లు పంపుతున్నారని పంపినవాళ్లే ఎక్కువ. నెలకెంత, ఎన్నింటికొస్తావ్ అని రెండు ప్రశ్నలతో బేరం ముగుస్తుంది.

అమెరికాలో ఇది స్కూల్ డిస్ట్రిక్టు చూసుకునే పని. పసుపు బస్సు నడపడం కుదరని చోట కార్లు, వ్యాన్లు నడిపే సంస్థలతో ఒప్పందం చేసుకుంటారు. 2014లో లాస్ ఏంజెలెస్‌లో ముగ్గురు తల్లులు మొదలుపెట్టిన హాప్‌స్కిప్‌డ్రైవ్ అలాంటిదే. అక్కడ డ్రైవరు వేలిముద్రలు తీసుకుని, పూర్వాపరాలు చూశాకే చేతికి పిల్లల్ని అప్పగిస్తారు.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. మోటారు వాహనాల నిబంధనల్లో 185-జి స్కూలు బస్సుల కోసమే ఉంది. బస్సు వయసు 15 ఏళ్లు, డ్రైవరు వయసు 60 ఏళ్లు దాటకూడదు. పిల్లల్ని ఎక్కించి దించడానికి అటెండరు ఉండాలి. ఏటా మే 15తో బస్సు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) గడువు తీరుతుంది, జూన్ 12న బడి గంట కొట్టేలోపు మళ్లీ తెచ్చుకోవాలి. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో, కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొట్టినప్పుడు, బండి దిగి పట్టాల రెండువైపులా చూసే మనిషి విలువేమిటో రెండు తెలుగు రాష్ట్రాలకూ తెలిసింది.

అయితే ఈ నిబంధనలన్నీ పసుపు బస్సు చుట్టే తిరుగుతాయి. ఆటో విషయంలో తల్లిదండ్రులే బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు.

ఆటో మాట ఎత్తేముందు ఆర్టీసీని అడగాలి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగులో ఆడపిల్లలకు టికెట్ లేదు. 12 ఏళ్లలోపు మగపిల్లలకు ఉచిత పాస్ ఉంది. చిక్కంతా టైముతోనే: బస్సు బడికి ముప్పావు గంట ముందో, ప్రార్థన అయిపోయాకో వస్తుంది. మార్కాపురంలోనూ గిద్దలూరులోనూ డిపోలున్నాయి. ఎంతమంది పిల్లలు, ఏ స్టేజీ నుంచి, ఎన్నింటికి చేరాలో హెచ్చెం సంతకంతో రాసిచ్చిన అర్జీకి, ‘డయల్ యువర్ డీఎం’లో ఒంటరిగా చేసే ఫిర్యాదు కన్నా బరువెక్కువ.

బస్సు రాని ఊళ్లకు మరో దారి ఉంది. ప్రాథమిక బడి కిలోమీటరులోపు, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్లలోపు ఉండాలన్నది విద్యాహక్కు నిబంధన. అంతకు మించి నడవాల్సి వచ్చే పిల్లలకు సమగ్ర శిక్ష కింద ఒక్కొక్కరికి ఏడాదికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యం ఇవ్వొచ్చు. ఎవరికి వారు ఖర్చు పెట్టుకుంటే అది షేర్ ఆటో చిల్లర. పదిమంది తల్లులు కలిస్తే 60,000. పది నెలల బడికి నెలకు ఆరు వేలు. ఆ డబ్బుతో పేరెంట్స్ కమిటీయే ఒక వ్యాన్‌ను మాట్లాడుకుని, ఒప్పందం కాగితం మీద పెట్టొచ్చు.

నల్లమల లోపలి పాలుట్ల లాంటి చెంచు గూడేలకు ఈ లెక్క కుదరదు. అక్కడ దూరానికి జవాబు బండి కాదు, ఆశ్రమ పాఠశాల.

ఒప్పందంలో రాయాల్సినవి పెద్దగా లేవు. ఆర్సీలో ఎన్ని సీట్లుంటే అంతమందే. ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, లైసెన్సుల జిరాక్సులు హెచ్చెం బీరువాలో ఉండాలి. డ్రైవరుకు ఒంట్లో బాగోలేని రోజు బండి తోలేదెవరో ముందే తెలియాలి. చెక్క సీటు తీసేయాలి. ఇవన్నీ తేలాక చివర్లో అడగాల్సింది రేటు. తక్కువకు ఒప్పుకున్నవాడు ఆ లోటును ఇంకో ఇద్దరు పిల్లల్ని ఎక్కించి పూడ్చుకుంటాడు.

బడులు తెరిచాక హడావిడి పడితే దొరికిన బండే దిక్కు. మే నెలలోనే కమిటీ సమావేశం పెట్టమని మీ ఊరి హెచ్చెంను అడగండి. వెళ్లేటప్పుడు మీ పిల్లలు ఎక్కే బండి ఆర్సీ జిరాక్సు ఒకటి తీసుకెళ్లండి.