తొక్కే దాని సీసా

పోయిన ఆదివారం మా మేనకోడలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "మావయ్యా, బండి మీద నిమ్మకాయలు చవగ్గా వచ్చాయని రెండు కిలోలు తీసుకున్నా. అన్నీ పిండేశా. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే ఎన్నాళ్లుంటుంది?" అంది. "అసలెందుకు పిండావమ్మా?" అనేశాను. సలహా అడిగిన పిల్ల నెత్తిన మొట్టికాయ వేసినట్టయింది. తర్వాత సర్దుకుని చెప్పాల్సిందేదో చెప్పాననుకోండి. కానీ ఫోన్ పెట్టేశాక కూడా ఆ సంగతి నన్ను వదల్లేదు. నిమ్మరసం దాచిపెట్టిన విషయంలో నా మీద పాత కేసొకటుంది మరి.

అప్పుడు డిగ్రీ చదువుతున్నా. వేసవి సెలవులకు మా ఊరు నూజెండ్ల వచ్చి, మా వీధి కుర్రాళ్లం నలుగురం కలిసి చలివేంద్రం పెట్టాం. రాష్ట్రంలో ఎండ ఎక్కడ ఎక్కువని వార్తల్లో చెప్పినప్పుడల్లా రెంటచింతల పేరు వస్తుంది. మా వినుకొండ వైపు కూడా దానికేమీ తీసిపోదు. వేపచెట్టు కింద పందిరి వేసి, కుండలు పెట్టి, రోజూ మంచినీళ్లు పోస్తున్నాం. ఒక రోజు నిమ్మకాయ నీళ్లు కూడా పోద్దామని సరదా పుట్టింది. పొద్దున్నే హడావిడి ఎందుకని ముందు రోజు రాత్రే రెండొందల కాయలు పిండి పెట్టుకున్నాం. అంత రసం పొయ్యడానికి చేతికందిన పాత్ర ఒక్కటే. నాయనమ్మ కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి గంగాళం. లోపలి కళాయి ఎప్పుడో పోయింది. దాన్ని చింతపండు పెట్టి పైపైన తోమి, రసం పోసి, పైన గుడ్డ కట్టి పడుకున్నాం.

తెల్లారి గుడ్డ విప్పితే గంగాళం లోపల రసం తగిలినంత మేరా కొత్త నాణెంలా మెరుస్తోంది. రసానికి మాత్రం సన్నగా ఆకుపచ్చ ఛాయ వచ్చింది. "నిమ్మరసం ఎంత శుభ్రం చేసిందో చూడరా!" అని మావాడొకడు మురిసిపోయాడు. నాయనమ్మ వచ్చి వేలు ముంచి నాలుక చివర తాకించుకుంది. వెంటనే తుపుక్కున ఊసింది.

"గంగాళం తెల్లబడిందంటే దాని చిలుం యాడికి పోయిందిరా అబ్బాయా? ఇందులోకే గదా. పారబొయ్యి."

రెండొందల కాయలు! ఒక్కసారి చక్కెర వేసి చూద్దామని బతిమాలాను. ఆమె వినలేదు. తనే గంగాళం ఒంచింది. అప్పుడు ముసలమ్మ చాదస్తం అనుకున్నా. ఇత్తడంటే రాగి, జింకు కలిసిన లోహమనీ, పులుపు ఆ రెంటినీ కరిగించుకుంటుందనీ, రాగి ఎక్కువైన పానీయం తాగితే కాసేపట్లోనే కడుపులో తిప్పి వాంతులు పట్టుకుంటాయనీ తర్వాత చదివి తెలుసుకున్నా. సత్తు గిన్నెనూ పులుపు తింటుంది. గాజు, జాడీ, స్టీలు. నిమ్మరసానికి ఈ మూడూ నమ్మకమైనవి.

ఆ తప్పు పాత్రది మాత్రమే అనుకుంటూ వచ్చాను చాలాకాలం. స్టీలు బిందెలో పోసి ఉంటే సరిపోయేదిగా అని. సరిపోయేది కాదు. రాత్రంతా మూత సరిగా లేకుండా, పల్నాటి వేసవి ఉక్కలో నిలవున్న రసం తెల్లారేసరికి ఇంకేదోగా మారి ఉండేది. కాయలో ఉన్నంతసేపూ రసానికి గాలి తగలదు, చెయ్యి తగలదు, కత్తి తగలదు. తొనలో సన్నటి తిత్తులు, వాటి మీద పొర, ఆపైన తెల్లటి దూది, దాని మీద నూనె తిత్తులున్న తొక్క. ఇన్ని మూతలున్న సీసా బజారులో దొరకదు. కాయను తడి లేకుండా తుడిచి, కవర్లో చుట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెడితే మూడు నాలుగు వారాలు నిక్షేపంగా ఉంటుంది. అదే బయట గంపలో వదిలేస్తే మే నెలలో వారానికే గోలీకాయలా గట్టిపడుతుంది. 2022 ఏప్రిల్‌లో ఒక్కో కాయ పది రూపాయలు పలికినప్పుడు మా ఇంట్లో నిమ్మకాయల్ని గుడ్ల మాదిరి జాగ్రత్తగా దాచుకున్నాం. ఒక్కటి కూడా ముందుగా పిండలేదు.

పిండాక ఏమవుతుందన్నది ఏ కాయ అన్నదాన్ని బట్టి ఉంటుంది. నిమ్మరసం మొండిది. అందులో ఆరు శాతం దాకా సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. మనకు రోగం తెచ్చే సూక్ష్మజీవుల్లో చాలావాటికి అంత పులుపులో పెరగడం చేతకాదు. అందుకే పెరుగులాగానో పప్పులాగానో అది కంటికి కనపడేలా చెడదు. రుచిలో చస్తుంది. పిండిన గంటల్లోనే పైపరిమళం పోతుంది. రెండో రోజుకు పులుపే మిగులుతుంది. ఆ తర్వాత రంగు గోధుమకు తిరుగుతుంది, పాత నూనె లాంటి వాసనొకటి పట్టుకుంటుంది. గాజు సీసాలో అంచుదాకా నింపి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు తాగడానికి బాగుంటుంది. వారం లోపల పులిహోరకో పప్పుకో వాడుకోవచ్చు. ఆపైన నేనైతే సింకు తోముకోవడానికి వాడతాను. అప్పటికప్పుడు పిండినదానికన్నా నాలుగు గంటలు నిలవున్న నిమ్మరసమే బాగుందని న్యూయార్క్‌లో డేవ్ ఆర్నాల్డ్ అనే పానీయాల నిపుణుడు నిర్వహించిన రుచి పరీక్షలో కొందరు చెప్పారట. కావచ్చు. వాళ్లు రుచి చూసింది ఏసీ గదిలో.

బత్తాయి అలా కాదు. అందులో పులుపు తక్కువ, తీపి ఎక్కువ. నిమ్మలో ఉన్న కాపలా దానికి లేదు. పైగా దానికొక వింత గుణముంది. పిండగానే తియ్యగా ఉన్న రసం రెండు మూడు గంటలు ఆగితే చేదెక్కుతుంది. గింజ నలిగిందనో, మిక్సీలో తెల్లదూది పడిందనో ఇంట్లో ఒకళ్లనొకళ్లు అనుకుంటాం. అదీ కొంత నిజమే. అసలు సంగతి మాత్రం రసంలోనే ఉంది. తొనల పొరల్లో చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. పొర చిరిగి రసంలోని పులుపు తగలగానే అది మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. ఆ లిమోనినే చేదు. వేడి చేస్తే ఆ మార్పు ఇంకా తొందరగా జరుగుతుంది. కాచి నిలవ చేసిన బత్తాయి రసం నాలుక మీద వెనకగా చేదు తగలడానికి ఇదొక కారణం. బత్తాయి రసం తాగాలంటే బండి దగ్గర నిలబడి తాగాల్సిందే. ఆసుపత్రిలో ఉన్న బంధువుకు ఫ్లాస్కులో పోసి తీసుకెళ్లామంటే, దారిలోనే సగం రుచి పోగొట్టుకున్నట్టు.

రుచి పోతే పోయింది. ప్రమాదం వేరే చోట ఉంది. 1999లో అమెరికా, కెనడాల్లో పాశ్చరైజ్ చేయని నారింజ రసం తాగి వందలమంది సాల్మొనెల్లాతో జబ్బుపడ్డారు. పులుపులో ఆ సూక్ష్మజీవి పెద్దగా పెరగకపోవచ్చు, కానీ చావకుండా రోజుల తరబడి కాచుకుని ఉండగలదు. 2001లో అమెరికా ప్రభుత్వం రసం తయారీదారులకు నిబంధన పెట్టింది, రోగకారక క్రిముల్ని లక్షో వంతుకు తగ్గించాలని. మనింట్లో అలాంటి యంత్రాలేమీ ఉండవు. కాబట్టి ఆ పని ముందుగానే, కాయ కోయకముందే మొదలుపెట్టాలి. నిమ్మకాయను కడగనిదే కొయ్యకూడదు. తొక్కెలాగూ పారేస్తాం కదా, కడగడమెందుకని అంటారు. తొక్క మీది మట్టిని గుజ్జులోకి దింపేది కత్తే. ఆ తర్వాత మన చెయ్యి, ఆ తర్వాత నీళ్లు, చివరికి ఐసు.

మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గొడవుంది, అందుకని ఇంటింటా ఫిల్టర్ నీళ్ల క్యానే. కానీ ఐసు ఏ నీళ్లతో గడ్డకట్టించారో ఎవరు చూశారు? చేపలకు వేసేదీ గ్లాసులో వేసేదీ ఒకే దిమ్మె కావచ్చు. తినకూడని ఐసు ఏదో జనానికి తెలియాలని మహారాష్ట్రలో 2018లో దానికి నీలం రంగు కలపమన్నారు. కోటప్పకొండ తిరునాళ్లలో దాహమేస్తే నేను బండివాణ్ణి అడిగేది రెండే. నా కళ్ల ముందు పిండు, ఐసు వద్దు. ప్రభలు చూడ్డానికి వచ్చి కడుపు పట్టుకుని కూర్చోవడం ఎవరికిష్టం?

చెడే గుణమున్న తిండిని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దని, వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువని అమెరికా వాళ్ల లెక్క. 32 అంటే మాకు సంక్రాంతి మధ్యాహ్నం. మే నెలలో 44 ఉన్నప్పుడు గంట కూడా ఎక్కువే. చక్కెర కలిపి, నీళ్లు పోసి, జగ్గులో పెట్టిన నిమ్మకాయ నీళ్లకు నిమ్మరసంలోని మొండితనం ఉండదు. పులుపు పలచబడుతుంది, తీపి చేరుతుంది. ఈస్టుకు అంతకన్నా ఏం కావాలి? సాయంత్రానికి నురగ కట్టి, మూత తీస్తే చిన్నగా బుస్సుమంటుంది. ఆ బుస్సు వినపడితే రుచి కూడా చూడకుండా పారబోయండి. నీళ్లు కలిపింది ఏ పూటకాపూట తాగాల్సిందే, ఫ్రిజ్‌లో పెడితే ఆ రోజుకు.

అయితే మన పెద్దవాళ్లు దాచలేదా అంటే దాచారు. రసాన్ని కాదు, రసం నుంచి మరొకదాన్ని చేసి దాచారు. ఉప్పు పోస్తే ఊరగాయ. చక్కెర పాకం పోస్తే షర్బత్. రెండూ రసంలోని నీటిని పట్టి ఉంచి సూక్ష్మజీవులకు అందకుండా చేస్తాయి. బజారులో కొనే స్క్వాష్ కూడా అదే దారి. చట్టం ప్రకారం అందులో కనీసం 25 శాతం పండ్ల రసం, 40 శాతం కరిగిన ఘనపదార్థం ఉండాలి. అందులో పెద్దభాగం చక్కెరే. నిలవుండటానికి కలిపే సల్ఫర్ డయాక్సైడ్ పది లక్షల్లో 350 వంతులు దాటకూడదు. ఇంట్లో స్క్వాష్ చేసుకునేవాళ్లు దానికోసం పొటాషియం మెటాబైసల్ఫైట్‌ను చిటికెడు అని వేసేస్తుంటారు. ఇందులో చిటికె లెక్క పనికిరాదు. తూకం వేసి, కాసిని నీళ్లలో కరిగించి కలపాలి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ సల్ఫైట్ అసలే పడకపోవచ్చు.

కాచి దాచడం కూడా పాతదే. దాంతో మోసపోయిన కథ మాత్రం సముద్రం మీదిది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు చిగుళ్లు కారి చచ్చిపోతున్న 12 మంది నావికుల్ని ఇద్దరిద్దరి చొప్పున విడదీసి, ఒక జంటకు నారింజలు, నిమ్మకాయలు తినిపించాడు. వాళ్లే అందరికన్నా ముందు లేచి తిరిగారు. అంతవరకు గొప్ప పని. ఆ తర్వాత ఆయనకూ మా మేనకోడలి ఆలోచనే వచ్చింది. కాయలు ఓడలో కుళ్లిపోతాయి కదా, రసం పిండి, మరగబెట్టి, చిక్కగా చేసి సీసాల్లో నింపితే ఏళ్ల తరబడి ఉంటుందని. ఉంది కూడా. కానీ జబ్బు తగ్గించే విటమిన్ సి మాత్రం చాలావరకు ఆ వేడికే నశించిపోయింది. బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మజాతి రసం పోయడం మొదలుపెట్టింది 1795లో. తర్వాత్తర్వాత వేరే రకం కాయల రసం, గాలి తగిలి రాగి గొట్టాల్లో పారి వచ్చింది, సత్తువ పోగొట్టుకుని ఓడలెక్కింది. 1875లో ఉత్తర ధ్రువం వైపు వెళ్లిన వాళ్ల యాత్రలో, ఓడల్లో రసం ఉన్నా, నావికులకు మళ్లీ ఆ జబ్బు పట్టుకుంది. నాయనమ్మ ఉంటే ఆ గొట్టాలు చూసి ఏమనేదో నాకు తెలుసు.

రసాన్ని రసంగానే ఉంచాలంటే మిగిలింది చలి ఒక్కటే. ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించి, గడ్డల్ని గట్టి కవర్లోకి మార్చి, గాలి నొక్కి తీసి కడితే మూడు నాలుగు నెలలు ఢోకా లేదు. కావాల్సినప్పుడు గ్లాసుకొక గడ్డ. మా ఊళ్లో దీనికొక చిక్కుంది, కరెంటు. ఊరెళ్లి వచ్చేసరికి మధ్యలో ఎన్ని గంటలు పోయిందో, రసం కరిగి మళ్లీ గడ్డకట్టిందో తెలియదు. అందుకని ఫ్రీజర్లో ఒక గ్లాసు నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి వెళతాను. తిరిగొచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే సరే. గ్లాసు అడుగున ఉంటే లోపలివన్నీ కరిగి మళ్లీ గడ్డకట్టినట్టే. అప్పుడు గడ్డల కవరు నేరుగా చెత్తబుట్టలోకే.

ఇదంతా ఫోన్లో చెప్పలేదు. రెండు కిలోలంటే యాభై కాయలు, ముప్పావు లీటరు పైన రసం. వారానికి సరిపడా చిన్న గాజు సీసాలో అంచుదాకా పోసుకుని, మిగతాది ట్రేల్లో గడ్డకట్టించమన్నాను. ఈసారి కొంటే కాయలు కాయలుగానే ఉంచమని కూడా చెప్పాను. సాయంత్రానికి ఫొటో పంపింది. రెండు ట్రేలు, ఒక గాజు సీసా, ముద్దుగా ఉన్నాయి. వాటి వెనక ఇంకేదో మెరుస్తుంటే పెద్దది చేసి చూశాను. మూత బిగించిన రాగి సీసా.

వెంటనే ఫోన్ చేశా. "అందులో ఏముందమ్మా?"

"ట్రేల్లో పట్టగా మిగిలిన రసం మావయ్యా. రాగి ఆరోగ్యానికి మంచిదంటగా!"

"పారబొయ్యి" అన్నాను.